రోబోలకి జాతి వివక్ష తగిలిస్తే సరిపోతుందా?

ఎడిటర్ గారికి,

సైన్స్ ఫిక్షన్ గేమ్స్‌లో జాతి వివక్షని రోబోలకో గ్రహాంతరవాసులకో తగిలించి చెప్పడం మామూలైపోయింది, తప్పని అనట్లేదు గానీ చాలాసార్లు అసలు చోటే తేడా కొడుతోంది. 2016లో వచ్చిన డ్యూస్ ఎక్స్ మ్యాన్‌కైండ్ డివైడెడ్ చూడండి, 2029 నాటి ప్రాగ్‌లో ఒంట్లో యంత్రాలు పెట్టించుకున్నవాళ్లకి రైల్లో వేరే బోగీ, మనం మామూలు మనుషుల బోగీ ఎక్కామా పోలీసులు ఆపి కాగితాలు అడుగుతారు. ఆ సీన్ బాగానే గుచ్చుకుంటుంది. కానీ అదే కథలో రెండేళ్ల ముందు ఈ యంత్రాల మనుషులే అదుపు తప్పి జనాన్ని చంపేశారు, అంటే భయానికి కారణం ఉన్నట్టే కదా! నిజం చరిత్రలో అమెరికాలో నల్లజాతివాళ్లు ఏం చేశారని బస్సులో వెనక్కి పంపారు? పైగా ఆ గేమ్ ప్రచారానికి అపార్థైడ్ (దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లని వేరుగా ఉంచిన పద్ధతి) అన్న మాట కూడా వాడుకున్నారు, అదింకా చిరాకు.

డెట్రాయిట్ బికమ్ హ్యూమన్ గేమ్‌లోనూ అంతే, బస్సు వెనక ఆండ్రాయిడ్లు (మనిషి రూపంలో ఉండే రోబోలు) నిలబడే అర, బస్సులో సీటు ఇవ్వనన్నందుకు రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళని అరెస్టు చేసిన 1955 నాటి అమెరికా ఊరు మాంట్‌గోమరీ గుర్తొచ్చి తీరుతుంది.

నాకైతే మాస్ ఎఫెక్ట్ గేమ్సే నయం. అందులో సలారియన్లు, టూరియన్లు, క్రోగన్లు వేర్వేరు గ్రహాంతర జాతులు. సలారియన్లు తయారుచేసి టూరియన్లు వదిలిన జెనోఫేజ్ అనే జీవాయుధం వల్ల క్రోగన్లకి పిల్లలు బతికి పుట్టడమే కష్టం, రెండో భాగంలో దాన్ని సమర్థించుకునే సైంటిస్టు మోర్డిన్ ఒక ఆడ క్రోగన్ శవం ముందు నిలబడి తడబడతాడు, లెక్చరేమీ ఉండదు. మూడో భాగంలో క్రోగన్లకి దానికి మందు ఇవ్వాలా దొంగదెబ్బ తీయాలా అన్నది మన చేతికే వదిలేస్తారు.

మీ గేమ్ రివ్యూల్లో గ్రాఫిక్స్‌తో పాటు ఇలాంటివి కూడా కాస్త రాయించండి సార్.

ఇట్లు,
ఒక పాఠకుడు