సర్టిఫికెట్ల పట్టికలో లేని ఒక వివరం

సంపాదకుడు గారికి,

మీ ఉద్యోగాల పేజీలో ఐటీ సర్టిఫికేషన్ల మీద తరచూ వ్యాసాలు వస్తున్నాయి. ఏ కోర్సు చేస్తే ఏ ఉద్యోగానికి పనికొస్తుందో పట్టికలు వేసి మరీ చెబుతున్నారు. ఆ పరీక్ష ఎలా పెడతారో మాత్రం ఎక్కడా కనబడదు. నేను పదిహేడేళ్లుగా సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నాను. కొన్నేళ్లుగా కొత్తవాళ్లను ఇంటర్వ్యూ కూడా చేస్తున్నాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

ఇంటర్వ్యూలో నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. (ఇక్కడ రాసేస్తే మళ్లీ అడగడానికి ఉండదు. ఫర్వాలేదు, ఇంకోటి వెతుక్కుంటాను.) లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే సర్వర్‌లో డిస్క్ సగం ఖాళీగానే ఉంది, కానీ కొత్త ఫైల్ ఏదీ సేవ్ కావడం లేదు, చోటు లేదని ఎర్రర్ వస్తోంది. ఎందుకు? మొన్న ఒకబ్బాయి వచ్చాడు, రెజ్యూమెలో మూడు సర్టిఫికెట్లు ఉన్నాయి. ఐనోడ్ (ఒక్కో ఫైల్ వివరాలు రాసిపెట్టుకునే చిన్న నమోదు) అంటే ఏంటని అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఈ ప్రశ్నకు మాత్రం "డిస్క్ మార్చాలి సార్" అన్నాడు. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో పేరుకుపోతే ఐనోడ్లు అయిపోతాయి, అప్పుడు డిస్క్‌లో ఎంత చోటున్నా కొత్త ఫైల్ పుట్టదు. నిమిషం క్రితం తను అప్పజెప్పిన పాఠంలో ఉన్నది ఇదే.

అదే వారం ఇంకో అమ్మాయి వచ్చింది. సర్టిఫికెట్ ఒక్కటీ లేదు. మూలపడ్డ పాత కంప్యూటర్లో లినక్స్ వేసుకుని రెండేళ్లుగా దాంతో కుస్తీ పడుతోందట. ప్రశ్న పూర్తి కాకముందే "ఐనోడ్లు చూస్తాను" అంది. కాసేపాగి తన సంగతి ఒకటి చెప్పింది. ఒకసారి డిస్క్ నిండిపోతే పెద్ద లాగ్ ఫైల్ (ప్రోగ్రామ్ తన పని వివరాలు రాసుకుంటూ పోయే ఫైల్) డిలీట్ చేసిందట, అయినా చోటు రాలేదు. రాత్రంతా వెతికితే తేలిందేమంటే, ఆ ఫైల్‌ను ఒక ప్రోగ్రామ్ ఇంకా తెరిచే ఉంచింది, దాన్ని ఆపి మళ్లీ మొదలుపెడితే గానీ చోటు ఖాళీ కాలేదు. ఇలాంటిది ఒక్కసారి చేతిమీదుగా జరిగితే జన్మలో మర్చిపోరు.

అలాగని అనుభవం ఉంటే చాలు అనడం లేదు. ఆ అమ్మాయినే సబ్‌నెట్ లెక్క (ఒక నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడగొట్టే లెక్క) అడిగితే తెల్లమొహం వేసింది. ఒక్క రౌటర్ ఉన్న ఇంట్లో ఆ లెక్క ఎప్పుడూ అవసరం పడదు. అవసరం పడనిది ఎవరూ తమంతట తాము నేర్చుకోరు. సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్ఏ కోసం చదివినవాళ్లకు అది కొట్టినపిండి. మన కంటబడని విషయాలను కూడా వరసగా ముందుకు తెచ్చి పెట్టడం సిలబస్ చేసే మేలు. ఇక పదేళ్ల అనుభవం అని రాసుకుని, ఆ పదేళ్లూ పాస్‌వర్డ్‌లు రీసెట్ చేస్తూ గడిపినవాళ్లు కూడా నాకు తగిలారు. వాళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

నా దృష్టిలో అసలు తేడా పరీక్ష పెట్టే పద్ధతిలో ఉంది. 1990ల్లో మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎంసీఎస్ఈ సర్టిఫికెట్‌కు గిరాకీ పెరిగినప్పుడు, ప్రశ్నలు బట్టీ పట్టి పాసైనవాళ్లను 'పేపర్ ఎంసీఎస్ఈ'లు అని వెక్కిరించేవారు. ఆ సర్టిఫికెట్‌ను మైక్రోసాఫ్ట్ 2021 జనవరిలో ఎత్తేసింది గానీ బట్టీ జబ్బు పోలేదు. పరీక్షలో వచ్చిన ప్రశ్నలను డంప్స్ పేరుతో ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు. నాలుగు జవాబుల్లో ఒకటి టిక్కు పెట్టే పరీక్షలకే వాటితో ఎక్కువ పని.

లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్షలో టిక్కులు ఉండవు. ఎదురుగా సిస్టమ్ ఉంటుంది, చెప్పిన పని చేసి చూపించాలి. చేసిన మార్పు రీబూట్ తర్వాత కూడా నిలిచి ఉండాలి. కుబర్నెటీస్ (చాలా సర్వర్ల మీద ప్రోగ్రామ్‌లను నడిపించే సాఫ్ట్‌వేర్) అడ్మినిస్ట్రేటర్ పరీక్ష సీకేఏ కూడా అంతే. కమాండ్ లైన్ ముందు రెండు గంటలు కూర్చోబెడతారు, అధికారిక డాక్యుమెంటేషన్ తెరిచి చూసుకోనిస్తారు. ఉద్యోగంలో మనం చేసేదీ అదేగా! నెట్‌వర్క్ నిపుణుల కోసం సిస్కో పెట్టే సీసీఐఈ ల్యాబ్ పరీక్ష ఎనిమిది గంటలు. సెక్యూరిటీ వైపు, సిస్టమ్‌లలోకి చొరబడి లోపాలు చూపించే ఓఎస్‌సీపీ పరీక్ష అయితే దాదాపు ఒక రోజంతా సాగుతుంది, ఆ తర్వాత రిపోర్ట్ రాసివ్వాలి. సెక్యూరిటీలోనే ఇంకో సర్టిఫికెట్ సీఐఎస్ఎస్‌పీది ఇంకో దారి. దాని పరీక్ష పాసైనా, మామూలుగా ఆ రంగంలో అయిదేళ్లు పనిచేసి ఉంటే తప్ప పూర్తి సర్టిఫికెట్ ఇవ్వరు, అప్పటిదాకా అసోసియేట్ అంటారు. సర్టిఫికెట్టా, అనుభవమా అని గంటలకొద్దీ వాదించుకునేవాళ్లు ఇలాంటివాటిని ఏ గట్టున నిలబెడతారు?

కంపెనీల తప్పు కూడా తక్కువేం కాదు. ఆ అమ్మాయి మా దగ్గరికి తెలిసినవాళ్ల ద్వారా వచ్చింది. అంతకుముందే మాకే పంపిన రెజ్యూమె, సర్టిఫికెట్ పేరు లేదని మొదటి వడపోతలోనే ఆగిపోయిందట. ఆ సంగతి విన్నాక ఆ రోజంతా మనసు బాగోలేదు. చెడిపోయిన మెషిన్ ఒకటి ముందుపెట్టి అరగంట కూర్చోబెడితే మూడు రౌండ్ల ప్రశ్నల కన్నా ఎక్కువ తెలుస్తుంది. మా టీమ్‌లో ఇప్పుడు అలాగే చేస్తున్నాం. రెజ్యూమెల వడపోత మాత్రం ఇంకా మా చేతికి రాలేదు.

ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఒక్కటే చెబుతాను. ఒకటో రెండో సర్టిఫికెట్లు ఉంటే మూడోదాని టైమ్ ఇంట్లో సొంతంగా ప్రయోగాలు చేసుకునే ల్యాబ్‌కి ఇవ్వండి. ఒక కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ వర్చువల్‌బాక్స్ ఉచితమే. సర్వర్ పెట్టుకోండి, కావాలనే చెడగొట్టండి, బాగుచేసిన తీరు నోట్సు రాసుకోండి. ఆ నోట్సు ఇంటర్వ్యూకి తీసుకొస్తే నాలాంటివాడు ముందు అదే అడుగుతాడు.

మీకొక మనవి. ఈసారి పట్టిక వేసినప్పుడు ప్రతి సర్టిఫికెట్ పక్కన ఇంకో మూడు గడులు పెట్టండి. పరీక్షలో టిక్కు పెట్టాలా, పని చేసి చూపించాలా? ముందుగా అనుభవం అడుగుతారా? ఎన్నాళ్లు చెల్లుతుంది? సీసీఎన్ఏ మూడేళ్లకు, మైక్రోసాఫ్ట్ అసోసియేట్ స్థాయివి ఏడాదికి పునరుద్ధరించుకోవాలని చాలామందికి రెజ్యూమెలో రాసుకున్నాక గానీ తెలియడం లేదు.

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్