నీళ్లకు దారి చూపకుండా తారు పోస్తే ఎలా?

సంపాదకులకు,

జనవరి వచ్చిందంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రోడ్ల ప్యాచ్ వర్కుల అంచనాలు మొదలవుతాయి. లేచిపోయిన చోటే మళ్లీ తారు పోస్తారు, మరుసటి నవంబరుకు మళ్లీ లేస్తుంది. తారు నాసిరకమని కాంట్రాక్టరును తిట్టుకుంటాం. కొన్నిచోట్ల అదీ నిజమే. కానీ చాలా రోడ్లు పాడయ్యేది కిందనుంచి, పక్కనుంచి.

కోవూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు చూడండి. రోడ్డుకు ఓ పక్క నెలల తరబడి నీళ్లు నిలిచే వరిమడి, ఇంకో పక్క రొయ్యల గుంట. ఆ తేమంతా రోడ్డు కట్టలోకి పాకుతుంది. రోడ్డు కింద తొక్కించిన మట్టి అడుగుభాగం వరద మట్టానికి 0.6 నుంచి 1 మీటరు పైన ఉండాలి. పాత డొంకల మీదే వేసిన రోడ్లకు ఆ ఎత్తు ఎక్కడిది?

ఒంగోలు చుట్టూ నల్లరేగడిది మరో తంటా. ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. పొడిగా ఉన్నప్పుడు రాయిలా ఉండే ఈ మట్టి, నాలుగు రోజులు నానబెట్టి పరీక్షిస్తే సీబీఆర్ (మట్టి బరువు మోసే బలాన్ని చెప్పే కొలత) 2, 3 శాతానికి పడిపోవడం మామూలే. బరువు బళ్లు తిరిగే రోడ్డుకు కనీసం 5 కావాలి. గ్రానైట్ దిమ్మెల లారీలు నడిచే చీమకుర్తి దారుల సంగతి చెప్పేదేముంది! ఉబ్బని మట్టి 0.6 నుంచి 1 మీటరు మందాన పరవాలి, లేదా రేగడిలో 3 నుంచి 5 శాతం సున్నం కలిపి తొక్కించాలి. ఖర్చని అంచనాలో మొదట కోసేసేది దీన్నే.

అసలు లోపం ఎక్కువగా తొక్కించిన మట్టి మీద పరిచే కంకర పొరలో, అంటే జీఎస్‌బీలో ఉంటుంది. లోపలికి దిగిన నీటిని బయటికి పంపడం దాని పని, అందుకే కట్ట వాలు దాకా పూర్తి వెడల్పున పరవాలి. జరిగేదేమిటంటే, తారు పడే మేరకే తవ్వి కంకర నింపి, బెర్ములకు (తారు అంచు పక్కనుండే మట్టి భాగాలకు) బంకమట్టి తోసేస్తారు. తొట్టి కట్టి అందులో రోడ్డు వేసినట్టే. చక్రం పడ్డప్పుడల్లా లోపలి నీరు ఒత్తిడికి సన్నపొడిని పైకి తోడి, కంకర నుంచి తారును ఒలిచేస్తుంది. వాన వెలిశాక పగుళ్ల చుట్టూ బూడిదరంగు మరకలు కనిపిస్తే అర్థం ఇదే. 75 మైక్రాన్ల జల్లెడ దిగే పొడి ఆ పొరలో 5 శాతం మించకూడదు. క్వారీ డస్టు కలిపేచోట జల్లెడ పట్టి చూసేదెవరు?

మే ఎండకు రోడ్డు ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది. లారీలు ఆగి కదిలే చోట్ల వీజీ-30 గ్రేడు కంటే ఇంకా గట్టిదైన వీజీ-40 తారు మేలు, లేకుంటే చక్రాల బాటలు పడతాయి. ఎండకు పెళుసైన తారులో పుట్టిన సన్న పగుళ్లే తర్వాత వానకు దారులు.

మన వానలు ఈశాన్య రుతుపవనాలవి. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. కాబట్టి జనవరి ప్యాచ్‌ల కంటే సెప్టెంబరు ఆఖరులోగా పగుళ్లు పూడ్చి, తూముల్లో పూడిక తీసి, తారు కంటే ఎత్తుకు పెరిగిన బెర్ములను చెక్కడం చవక. 3.75 మీటర్ల ఊరి రోడ్డుకు నడిమి భాగం అంచుకంటే సుమారు 4.7 సెంటీమీటర్లు ఎత్తుండాలి. దారం పట్టి ఎవరైనా చూడొచ్చు. రోడ్డు మునిగితే నీళ్లు తీసిన మర్నాడే లోడు లారీలను వదలొద్దు. కింది పొరలు ఇంకా నానే ఉంటాయి.

పని బోర్డు మీద ఇప్పుడు అంచనా విలువ, కాంట్రాక్టరు పేరు రాస్తున్నారు. నానబెట్టిన మట్టి సీబీఆర్, జీఎస్‌బీ మందం, వెడల్పు, తారు గ్రేడు కూడా రాయించాలని రెండు జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాను.

– ఓ విశ్రాంత ఇంజినీరు, కావలి