మార్చి నెల లేఖ: జ్వరంతో పరుగెత్తిన నా మిత్రుడి గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఒంటిపూట బడులు మొదలయ్యే ఈ నెలలో ఏటా పరీక్షల తేదీల గురించీ, మారిన బస్సు వేళల గురించీ రాస్తుంటాను. ఆ వివరాలన్నీ ఈసారి రెండో పేజీలో ఇచ్చాం. నాతో పాటు సైనిక శిక్షణ పొందుతూ, ఇరవై ఏళ్ళయినా నిండకుండానే కన్నుమూసిన నా ప్రాణమిత్రుడి గురించి ఈ లేఖలో రాస్తున్నాను. అతని తల్లిగారు ఇప్పటికీ తిరుమలగిరిలోనే ఉంటున్నారు. ఆవిడ అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేరు మాత్రం వేయవద్దన్నారు.

మేమిద్దరం విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో ఆరో తరగతిలో చేరాం. 1962లో పాత రాజభవనంలో ప్రారంభమైన ఆ బడికి హైదరాబాదు పిల్లలు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణించి విశాఖ చేరి, అక్కడి నుంచి వెళ్ళేవారు. మా స్నేహం ఆ రైలులోనే మొదలైంది. ఇంటర్ తరువాత ఇద్దరం ఒకే అకాడమీకి ఎంపికయ్యాం. బూట్లకు మెరుపు తేవడంలో అతన్ని మించినవాడు మా బ్యాచ్‌లో లేడు. తడిపి పిండిన దూదిని చూపుడువేలికి చుట్టుకుని, పాలిష్ పూసిన బూటు ముందుభాగం మీద చిన్న చిన్న సున్నాలు చుడుతూ, అందులో తన ముఖం కనిపించేదాకా వదిలేవాడు కాదు. తన జత పూర్తికాగానే, ఎవరూ అడగకుండానే, పక్క మంచం కుర్రాడి జత అందుకునేవాడు. పరుగులోనూ అంతే. ముందు వెళ్ళగలిగిన సత్తా ఉండి కూడా సాధన రోజుల్లో వెనకబడ్డవాళ్ళ పక్కకు వచ్చి, వాళ్ళ రైఫిల్ తన భుజానికి తగిలించుకుని, మాటల్లో పెట్టి నడిపించుకొచ్చేవాడు.

క్రాస్ కంట్రీ పోటీలో మొదట వచ్చినవాడి స్థానం ఒక్కటే లెక్కలోకి రాదు, దళంలో ప్రతి ఒక్కరి స్థానమూ కలుస్తుంది. అందుకే ముందు రాత్రి జ్వరం వచ్చినా అతను ఎవరికీ చెప్పలేదు. మాత్ర వేసుకుని పడుకున్నాడన్న సంగతి, తరువాత అతని సామాన్లు సర్దుతున్నప్పుడు సగం వాడిన మాత్రల షీటు కనిపించాకే మాకు తెలిసింది. ఆ రోజు ఎండ కూడా లేదు. ముసురు తెరిపిచ్చి, గాలి ఆడక, ఉక్కపోతగా ఉంది. చివరి కిలోమీటరులో తూలుతూ పొంతన లేని మాటలు మాట్లాడాడనీ, ఆపైన కుప్పకూలాడనీ వెనక వచ్చినవాళ్ళు చెప్పారు. ఒళ్ళంతా చెమటతో తడిసి ఉండటంతో అది వడదెబ్బ అయి ఉంటుందని ఎవరికీ తోచలేదు. మర్నాడు ఆసుపత్రిలో చనిపోయాడు.

ఎండలో కూర్చున్న పెద్దవారికి తగిలే వడదెబ్బ మనందరికీ తెలిసినదే. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బ గురించి తెలిసినవారు తక్కువ. పరుగెత్తేటప్పుడు కండరాలు పుట్టించే వేడి చెమట ద్వారా బయటికి పోవాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నా, జ్వరం ఉన్నా, నిద్ర చాలకపోయినా, మందపాటి యూనిఫాం వేసుకున్నా ఆ వేడి లోపలే నిలిచిపోయి శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అప్పుడు మెదడు, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. చెమట పడుతున్నంత మాత్రాన ప్రమాదం లేదనుకోవడానికి వీల్లేదు. తడబాటు, తికమక, అకారణమైన కోపం కనిపిస్తే వెంటనే మనిషిని చల్లటి నీటిలో ఉంచాలి, అది వీలుకాకపోతే ఆగకుండా నీళ్ళు పోస్తూ విసరాలి. 108కి ఫోన్ చేయడమూ చల్లబరచడమూ ఒకేసారి జరగాలి. మొదటి అరగంటలో వేడి దిగితే చాలామంది బతుకుతారు.

యుద్ధంలో అమరులైనవారికి సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లోని సైనిక స్మారకం వద్ద గణతంత్ర దినోత్సవం నాడు పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. శిక్షణలో పోయిన కుర్రవాళ్ళను ఎక్కువగా తలచుకునేది ఇంటివాళ్ళూ, బ్యాచ్‌వాళ్ళూ మాత్రమే. నేను కొన్నేళ్ళు సైన్యంలో పనిచేసి బోధనలోకి వచ్చాను. మన ఎన్‌సీసీ పిల్లలు మైదానంలో వరుస కట్టిన ప్రతిసారీ అతను గుర్తుకొస్తాడు. వరుసలోంచి పక్కకు రావడాన్ని కేడెట్లు ‘ఫాల్ అవుట్’ అవడం అంటారు, దాన్ని చిన్నతనంగా భావిస్తారు. నా మిత్రుడిలో ధైర్యానికి లోటు లేదు. ఒంట్లో బాగాలేదని చెబితే తనవాళ్ళకు నష్టం చేసినట్టవుతుందని మాత్రం అనుకున్నాడు. ఆ భావన మన పిల్లల్లో ఉండకూడదు.

అందుకని ఈ ఏడాది నుంచి వార్షికోత్సవంలో నూరు శాతం హాజరు బహుమతిని రద్దు చేస్తున్నాం. ఈ బహుమతి కోసం జ్వరంతో ఉన్న పిల్లలకు పొద్దున్నే పారాసిటమాల్ వేసి బడికి పంపుతున్నారని మా తరగతి ఉపాధ్యాయులు ఎన్నోసార్లు గమనించారు. బహుమతి పెట్టిందే మేము కాబట్టి తీసేయవలసిందీ మేమే. మార్చి నుంచి జూన్ వరకు ఉదయం ఏడున్నర దాటాక పరేడ్ గానీ, పరుగు గానీ ఉండవు. మైదానం పక్కన నీటి తొట్టి, మంచు పెట్టె సిద్ధంగా ఉంటాయి. ఫాల్ అవుట్ అయిన కేడెట్‌ను కారణం అడగడానికి ముందు నీడకు తీసుకెళ్ళాలని శిక్షకులకు చెప్పాం. పోలీసు, సైనిక ఎంపికల కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్న మన పూర్వ విద్యార్థులు కూడా మీ ఇళ్ళలో ఉంటారు; జ్వరం తగ్గిన వెంటనే గడియారం చూసుకుంటూ పరుగెత్తవద్దని వాళ్ళకు కూడా దయచేసి చెప్పండి.

వేసవి శిబిరానికి వెళ్ళే పిల్లల అంగీకార పత్రాలు ఈ వారం ఇంటికి వస్తాయి. అందులో గత రెండు వారాల్లో వచ్చిన జ్వరాలు, విరేచనాలు, వాడుతున్న మందుల కోసం కొత్తగా ఒక గడి చేర్చాం. దయచేసి దాన్ని పిల్లవాడిని లేదా అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ళనే అడుగుతూ నింపండి. నింపిన విషయాన్ని బట్టి ఎవరినీ శిబిరం జాబితా నుంచి తొలగించబోమని, పరుగుకు బదులు వేరే పని అప్పగిస్తామని నేను మీకు మాట ఇస్తున్నాను.

మీ
ప్రధానోపాధ్యాయుడు