పిల్లల చదువులో పరిసరాల పాలెంత?

సంపాదకులకు,

పిల్లవాడు చదువులో వెనకబడగానే తల్లిదండ్రులను బోనులో నిలబెట్టడం అందరికీ అలవాటైపోయింది. ఇంట్లో శ్రద్ధ లేదని తేల్చేసేవారు, ఆ ఇల్లు ఎలాంటి వీధిలో ఉందో, సాయంత్రం వేళ అక్కడ పిల్లలు ఎవరి మధ్య తిరుగుతున్నారో మాత్రం అడగరు.

ఇంటి ప్రభావాన్ని తక్కువ చేసి చూపడం నా ఉద్దేశం కాదు. అమెరికాలో సుమారు 6 లక్షల మంది విద్యార్థులను పరిశీలించి సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం 1966లో ఇచ్చిన నివేదిక, మార్కులలోని తేడాలకు బడుల వనరుల కన్నా కుటుంబ నేపథ్యమే ఎక్కువ కారణమని చెప్పింది. తోటి విద్యార్థుల నేపథ్యం కూడా లెక్కలోకి వస్తుందని అదే నివేదిక చెప్పిన మాటను ఎందుకో అంతగా పట్టించుకోలేదు.

ఆ దేశంలోనే 1994లో మొదలైన ఒక ప్రయోగంలో, 5 నగరాలకు చెందిన దాదాపు 4,600 పేద కుటుంబాల నుంచి లాటరీ ద్వారా కొందరిని ఎంపిక చేసి, పేదరికం తక్కువగా ఉన్న ప్రాంతాలకు మారేందుకు అద్దె సాయం అందించారు. మొదట్లో పిల్లల మార్కులలో చెప్పుకోదగ్గ మార్పు కనబడకపోవడంతో చాలామంది పెదవి విరిచారు. ఆ పిల్లలు పెద్దవారయ్యాక ఆర్థికవేత్తలు రాజ్ చెట్టి, నథానియెల్ హెండ్రెన్, లారెన్స్ కాట్జ్ లెక్కలు తీసి 2015లో వెల్లడించిన ఫలితాలు వేరుగా ఉన్నాయి: 13 ఏళ్లు నిండకముందే తరలివెళ్లినవారిలో కళాశాలకు వెళ్లినవారు పెరిగారు, పాతికేళ్ల ప్రాయంలో వారి సంపాదన లాటరీలో ఎంపిక కాని కుటుంబాల పిల్లల కన్నా 31 శాతం ఎక్కువగా ఉంది, ఆ వయసు దాటాక వెళ్లినవారికి మాత్రం అలాంటి మేలు జరగలేదు. లాటరీ వేసినందువల్ల ఎంపికైన, ఎంపిక కాని రెండు వర్గాల తల్లిదండ్రులూ దాదాపు ఒకే తీరువారని మరువకూడదు.

ఇది జరిగే తీరు ఊహకందనిదేమీ కాదు. కళాశాల దరఖాస్తు ఎలా నింపాలో, ఏ కోర్సు చదివితే ఏ ఉద్యోగం వస్తుందో తెలిసిన అక్క ఒకరు పక్కింట్లో ఉంటే, తల్లిదండ్రులకే తెలియని సంగతులు ఆ పిల్లలకు అడగకుండానే తెలుస్తాయి. మరోవైపు, షికాగోలో ఇంటి సమీపంలో హత్య జరిగిన వారంలోపు పరీక్షకు కూర్చున్న పిల్లల మార్కులు తగ్గాయని సామాజిక శాస్త్రవేత్త పాట్రిక్ షార్కీ 2010లో చూపారు. ఇంట్లో ఎంత శ్రద్ధ తీసుకున్నా వీధిలోని భయాన్ని గుమ్మం బయటే ఆపడం ఏ తల్లికి సాధ్యం?

కాబట్టి పేదల ఇళ్లన్నీ నగరం అంచున ఒక్కచోటే కట్టడం మాని, మంచి బడులున్న ప్రాంతాలలోనే అక్కడక్కడా కట్టాలని, చిన్న పిల్లలున్న కుటుంబాలకు ముందుగా కేటాయించాలని, ఇలాంటి పథకాలను మరుసటి ఏడాది మార్కులు చూసి రద్దు చేయరాదని పాలకులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు