నడుముకిచ్చే మత్తు గురించి ముందే చెప్పండి, తెలుగులో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

సిజేరియన్లు పెరిగిపోయాయని వార్తలు వస్తూనే ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే అయ్యాయి. ఆ ఆడవాళ్లలో చాలామందికి నడుములోనే మత్తు సూది వేస్తారు కదా, మరి అది ఎక్కడికి వెళ్తుందో, ఏం చేస్తుందో వాళ్లకు ఎవరు చెప్పారు? నేను ఏళ్ల తరబడి ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా పనిచేశాను. టేబుల్ మీద కూర్చోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనించి వీపు వంచమన్నప్పుడు భయంతో బిగుసుకుపోయే అమ్మాయిలే ఎక్కువ. సూది నరానికి తగిలితే కాళ్లు పడిపోతాయని ఎవరో చెప్పి పంపిస్తారు.

పెద్దవాళ్లలో వెన్నుపాము నడుం పైభాగంలోనే, ఒకటో రెండో పూస దగ్గర ముగిసిపోతుంది. సిజేరియన్‌కు మామూలుగా వేసే ఈ మత్తు సూదిని, అంటే స్పైనల్‌ను, దానికి కింద, మూడు నాలుగు పూసల మధ్యో నాలుగు ఐదు మధ్యో వేస్తారు. అక్కడ ఉండేవి నీళ్లలో తేలే దారాల్లాంటి నరాలు, అవి సూదికి పక్కకు జరుగుతాయి. మందు రెండు మిల్లీలీటర్లు అటూ ఇటూ, అంతే. కొద్ది నిమిషాల్లో కాళ్లు వెచ్చబడి బరువెక్కుతాయి. నరం శాశ్వతంగా దెబ్బతినడం అనేది లేదని అనను, కానీ చాలా చాలా అరుదు.

ఎవరూ చెప్పని విషయం ఇంకొకటుంది. మత్తు బాగా ఎక్కినా పొట్ట మీద చెయ్యి వేసినట్టు, లోపల లాగుతున్నట్టు తెలుస్తుంది. అది తెలియక మత్తు ఎక్కలేదని పేషెంట్ ఏడుస్తుంది, బయట ఇంటివాళ్లకు టెన్షన్. నిజంగా నొప్పి అనిపిస్తే మాత్రం ఓర్చుకోకూడదు, వెంటనే చెప్పాలి. బీపీ పడిపోయి వికారంగా అనిపించడం, ఒళ్లు వణకడం మామూలే, వాటికి మందులు అక్కడే సిద్ధంగా ఉంటాయి.

నడుముకే ఇచ్చే ఎపిడ్యూరల్ అనే మత్తు వేరు. వెన్నులో ఆ నరాలు తేలే నీళ్ల సంచి బయటే సన్నని గొట్టం ఉంచి, అవసరమైనప్పుడల్లా మందు ఇస్తారు, పనిచేయడానికి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. పురిటి నొప్పులు తగ్గించేది ఇదే. దీనివల్ల సిజేరియన్ అవకాశం పెరగదని పరిశోధనల్లో తేలింది, అయినా మన దగ్గర అడిగేవాళ్లూ తక్కువే, ఇచ్చే ఆసుపత్రులూ తక్కువే.

ఇక నడుం నొప్పి. కాన్పు అయి పదేళ్లయినా "ఆ సూది వేసినప్పటి నుంచే" అనేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. సూది పడ్డ చోట కొన్నాళ్లు నొప్పి ఉంటుంది, నిజమే. ఏళ్ల తరబడి ఉండే నొప్పి మాత్రం ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్లలోనూ తీసుకోనివాళ్లలోనూ ఒకేలా కనిపించింది. నాకు బాధ కలిగించేది ఏంటంటే, నెపం సూది మీద వేసేసి ఆ తల్లి డాక్టర్ దగ్గరికే వెళ్లదు, డిస్క్ సమస్యో మరొకటో లోపల ముదురుతూ ఉంటుంది.

తలనొప్పి సంగతి వేరు, అది నిజంగా ఈ సూది వల్ల రావచ్చు. లేచి కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి, దానికి వైద్యం ఉంది. అది రాకుండా ఉండాలని దిండు తీసేసి రోజంతా కదలకుండా పడుకోబెట్టడం చాలా వార్డుల్లో ఇంకా జరుగుతోంది, అలా పడుకుంటే తలనొప్పి రాదని మాత్రం ఎక్కడా తేలలేదు.

ఇవన్నీ చెప్పడానికి పది నిమిషాలు చాలు. జరుగుతున్నది మాత్రం ఇంగ్లీషు కాగితం మీద, అదీ నొప్పులు పడుతున్నప్పుడు, సంతకం పెట్టించుకోవడం. రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా, ప్లేట్‌లెట్లు తక్కువున్నాయా అన్నవి కూడా ఆ హడావిడిలోనే అడుగుతారు. తొమ్మిదో నెల చెకప్‌లోనే మత్తు డాక్టర్ ఒకసారి మాట్లాడాలి, అంగీకార పత్రం తెలుగులో ఇచ్చి ఇంటికి పంపాలి. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నిటికీ దీన్ని తప్పనిసరి చేయాలి. మీ ఆరోగ్యం పేజీలో కూడా ఒక మత్తు డాక్టర్‌తో పాఠకుల ప్రశ్నలకు జవాబులు ఇప్పించమని కోరుతున్నాను.

— రిటైర్డ్ స్టాఫ్ నర్సు, ఖమ్మం జిల్లా