రాయల్ ఫ్లష్‌ను నీ ఇంటికి పంపుతూ

లంబార్డ్, ఇలినాయ్

చిరంజీవి సాహితికి నాన్న ఆశీస్సులు.

మిన్నియాపోలిస్‌లో మీరు కొనుక్కున్న ఇంటి బేస్‌మెంటులో మన పిన్‌బాల్ యంత్రానికి చోటు సిద్ధం చేశామని నువ్వూ అల్లుడుగారూ చెప్పారు. అప్పటి నుంచి, దాని బాగోగులు ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే ఒకచోట రాసి ఇవ్వడమే మేలని అనుకుంటున్నాను. దాన్ని కొత్తదానిలా మెరిపించాలని అల్లుడుగారికి ఉత్సాహంగా ఉన్నట్లుంది. నా అభిప్రాయం వేరు. ఆ సంగతి కూడా ఇందులోనే చెబుతాను.

ముందుగా అది ఏమిటో తెలియాలి. వాలుబల్ల మీద జారే ఉక్కు బంతిని మీటలతో కొడుతూ పాయింట్లు కూడబెట్టే పిన్‌బాల్ ఆటల్లో, గాట్లీబ్ కంపెనీ 1976లో తయారుచేసిన రాయల్ ఫ్లష్ అది. ఆ పేరు పోకర్ పేకాటలో అన్నిటికంటే గొప్ప ముక్కల వరసది. రూపకల్పన ఎడ్ క్రిన్‌స్కీది. నలుగురు వంతులవారీగా ఆడవచ్చు. పేకముక్కలతో మనవాళ్లకున్న అనుబంధం వల్ల కాబోలు, దాన్ని చూసిన బంధువులెవరికీ ఆట నియమాలు వివరించవలసిన అవసరం రాలేదు. అమెరికాలో చాలాకాలం పిన్‌బాల్‌ను జూదంగానే చూశారు. న్యూయార్క్ నగరం 1942లో విధించిన నిషేధాన్ని ఎత్తివేసింది కూడా 1976లోనే.

ఆ తర్వాత కొద్దికాలానికే ఈ యంత్రాలన్నీ ఎలక్ట్రానిక్ బోర్డుల మీదికి మారిపోయాయి. మనదానిలో మాత్రం ఒక్క చిప్ కూడా లేదు. ఎన్నో బంతి ఆడుతున్నాం, ఎవరి వంతు, ఎవరికి ఎన్ని పాయింట్లు అన్న లెక్కలన్నీ కరెంటుతో కదిలే స్విచ్‌లైన రిలేలు, ఒక్కో మెట్టు చొప్పున తిరిగే స్టెప్పర్లు, అంకెల చక్రాలైన రీళ్లే గుర్తుపెట్టుకుంటాయి. ఆట మధ్యలో కరెంటు పోయినా రీళ్ల మీది అంకెలు అలాగే నిలిచి ఉంటాయి.

నేను దాని మీద మనసు పడడానికి కారణం ఆట కాదు. విజయవాడలో టెలిఫోన్ల శాఖలో పనిచేసిన రోజుల్లో మా ఎక్స్ఛేంజి స్ట్రౌజర్ పద్ధతిది. ఎవరైనా డయల్ తిప్పితే, ఆ అంకెకు తగ్గట్టు సెలెక్టర్లు టకటకమని మెట్లెక్కేవి. ఆ పరికరాలు బెంగుళూరు ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) నుంచి వచ్చేవి. ఇక్కడికి వచ్చాక ఈ యంత్రం మూత ఎత్తి చూస్తే లోపల ఉన్నవన్నీ నాకు తెలిసినవే. స్ట్రౌజర్ పరికరాలకు పుట్టిల్లయిన ఆటోమాటిక్ ఎలక్ట్రిక్ కంపెనీ షికాగో నుంచి తరలి వెళ్లిన నార్త్‌లేక్ ఊరికే ఆ తర్వాత గాట్లీబ్ ఫ్యాక్టరీ కూడా చేరిందని తెలిసినప్పుడు నేనేమీ ఆశ్చర్యపోలేదు. రిలేలు సర్దగలిగిన చేతులు ఆ ప్రాంతంలో కొరత లేకుండా దొరికి ఉంటాయి.

ఇక జాగ్రత్తలు. లోపల చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు కూడా గోడ నుంచి ఊడదీయాలి. ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత కాయిళ్లకు, అంటే కరెంటు పారితే అయస్కాంతాలయ్యే తీగచుట్లకు, వెళ్లేది పాతిక వోల్టుల చుట్టుపక్కలే, దీపాలకు వెళ్లేది ఆరు వోల్టులే. కానీ ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఉన్నది గోడలోని 120 వోల్టులే. దానికి మొదట ఉన్న రెండు పిన్నుల తీగను తీసేసి, ఎర్తుతో కూడిన మూడు పిన్నుల తీగ వేశాను. పాతదనాన్ని కాపాడాలని నేనెంత పట్టుబట్టినా ఆ ఒక్కచోట రాజీపడవలసిందే. ఫ్యూజు పోతే, దాని గొట్టం మీద రాసి ఉన్న ఆంపియర్లకు సరిపోయేదే వేయాలి తప్ప, ప్రస్తుతానికి పని జరిగితే చాలని పెద్దది వేయకూడదు. ఫ్యూజు పోయిందంటే సాధారణంగా ఎక్కడో ఒక కాయిల్ అవసరానికి మించి కరెంటు లాగుతోందని అర్థం, ముందు దాన్ని వెతకాలి.

ఈ యంత్రంలో వచ్చే లోపాల్లో చాలా భాగం పాడైన విడిభాగాల వల్ల వచ్చేవి కావు. స్విచ్ రేకులు కలుసుకునే చుక్కల మీద, అంటే కాంటాక్టుల మీద, మురికి పట్టడం వల్లనో, వాటి మధ్య ఎడం తప్పడం వల్లనో వస్తాయి. అందుకని కొత్త సామాను కొనే ముందు టార్చిలైటు పట్టుకుని కాసేపు ఊరికే చూడు. రిలేను వేలితో మెల్లగా నొక్కితే దాని మీదున్న ప్రతి జత రేకులు కలుస్తున్నాయా, విడిపోతున్నాయా, కలిసిన తర్వాత ఒకదాన్నొకటి కొంచెం తోసుకుంటున్నాయా అన్నది కంటికే కనిపిస్తుంది. ఆ చివరి తోపుడు చాలా ముఖ్యం. కాంటాక్టులు తమ మురికిని తామే తుడుచుకునేది ఆ రాపిడితోనే. మురికి ఉందనిపిస్తే విజిటింగు కార్డు లాంటి మందపాటి కాగితం ముక్కను మధ్యలో పెట్టి, రేకులను నొక్కి ఒకటి రెండుసార్లు లాగితే సరిపోతుంది. మరీ నల్లబడితే కాంటాక్టుల కోసమే చేసిన సన్నని రాయి ఉంది, పనిముట్ల పెట్టెలో పెట్టాను. గరుకు కాగితం మాత్రం వాడవద్దు. ఆ చుక్కల మీద ఉన్నది వెండి, ఒకసారి అరిగితే తిరిగి రాదు.

రేకును వంచవలసి వస్తే, ముందు ఆ దొంతరను బిగించి ఉంచే స్క్రూలు వదులయ్యాయేమో చూడు. అవి వదులుగా ఉండగా ఎంత వంచినా ఆ సర్దుబాటు నిలవదు. వంచేది కూడా రేకు కొసను కాదు, మొదలు దగ్గర, రేకులు వంచే సాధనంతో. ఒక స్విచ్ మొరాయిస్తోందని పక్కనున్న నాలుగింటినీ సర్దబోవడం చూసి రమ్మంటే కాల్చి రావడమే అవుతుంది. ఆ తర్వాత ఏది ఎందుకు పనిచేయడం లేదో ఎవరికీ అంతుపట్టదు.

ఒక లోపం నీకు తప్పకుండా ఎదురవుతుంది కాబట్టి దాన్ని కొంచెం వివరంగా రాస్తాను. ఆటబల్ల కింద ఉన్న కిందిపెట్టెలో చిన్న మోటారు ఒకటి ఉంది, దాన్ని స్కోర్ మోటారు అంటారు. అది మూడో వంతు చుట్టు తిరిగేసరికి ఐదు పల్సులు వెళతాయి. ఆటలో యాభై, ఐదువందలు, ఐదువేలు అన్న పాయింట్లు అంతగా కనిపించడానికి కారణం అదే. కొత్త ఆట మొదలుపెట్టగానే ఈ మోటారు తిరుగుతూ, నలుగురి రీళ్లనూ ఒక్కొక్క అంకె చొప్పున జరుపుతూ సున్నాకు చేరుస్తుంది. సున్నాకు చేరిన సంగతిని ప్రతి రీలు వెనకా ఉన్న ఒక స్విచ్ తెలియజేస్తుంది. ఒక్క రీలు దగ్గర ఆ సమాచారం అందకపోయినా మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, బంతి బయటికి రాదు. అప్పుడు కంగారుపడి మోటారును అనుమానించవద్దు. రీళ్లుండే పైపెట్టెలోకి చూసి, ఏ రీలు అయినా సున్నా కాని అంకె దగ్గర నిలిచిపోయిందేమో గమనించు. నిలిచిపోయి ఉంటే, ప్లగ్గు తీసి ఆ రీలును కదిపే ఇనుప కడ్డీని, అంటే ప్లంజరును, చేత్తో నొక్కి వదిలితే అది హాయిగా జరుగుతోందో, బిగుసుకుందో తెలుస్తుంది. అన్నీ సున్నా దగ్గరే ఉండి కూడా మోటారు తిరుగుతోందంటే, ఏదో ఒక రీలు సున్నా స్విచ్‌కు కాగితం తుడుపు కావాలన్న మాట. అలా ఒక్కొక్కటే తోసివేస్తూ లోపాన్ని మూలకు తరమడంలో ఉన్న సంతోషం ఆ ఆటలో కూడా లేదని నా నమ్మకం. మీ అమ్మ దీన్ని ఒప్పుకోదు.

స్టెప్పర్లు బిగుసుకుంటే కారణం దాదాపు ఎప్పుడూ పాత గ్రీజే. అది వంటింటి గట్టు మీద ఏళ్ల తరబడి తుడవని నూనె జిడ్డులా గట్టిపడి ఉంటుంది. దాన్ని ఆల్కహాలుతో పూర్తిగా తుడవాలి గాని, దాని మీద కొత్త నూనె పోయకూడదు. అంగట్లో దొరికే డబ్ల్యూడీ-40 స్ప్రేను యంత్రం దరిదాపులకు కూడా రానివ్వవద్దు. అది దుమ్మును పట్టి ఉంచుతుంది, పైగా కాంటాక్టుల దగ్గర నిప్పురవ్వ పడితే మండుతుంది. కాయిళ్లలోని నైలాను గొట్టాలకు ఏ నూనే అక్కరలేదు. ప్లంజరు సాఫీగా కదలకపోతే గొట్టాన్ని మార్చడమే మందు.

బంతిని కొట్టే మీటలు, అంటే ఫ్లిప్పర్లు, నీరసించాయని అనిపిస్తే, వాటి కాయిల్‌కు రెండు చుట్లు ఉంటాయని గుర్తుంచుకో. బంతిని బలంగా కొట్టేది ఒకటి, ఎత్తిన ఫ్లిప్పరును అలాగే నిలిపి ఉంచేది మరొకటి. ఫ్లిప్పరు పూర్తిగా లేచిన క్షణంలో ఒక స్విచ్ విడివడి కాయిల్ లాగే కరెంటును తగ్గిస్తుంది. అది సరిగా మూసుకోకపోతే ఫ్లిప్పరులో బలం ఉండదు, విడివడకపోతే కాయిల్ కాలుతుంది. పిల్లలు బొత్తాన్ని నొక్కిపట్టుకుని ఉన్నప్పుడు కాలిన వాసన వస్తే వెంటనే ప్లగ్గు తీసివేయి.

ఇక మెరుపు సంగతి. ఆటబల్ల మీద బంతిని వెనక్కి నెట్టే బంపర్ల చుట్టూ రంగు అరిగిన మచ్చలున్నాయి. వాటికి రంగు వేయవద్దని, పైన కొత్త అచ్చు అతికించవద్దని అల్లుడుగారికి నా మాటగా చెప్పు. అవి యాభై ఏళ్లుగా బంతి నడిచిన దారులు. ఉన్న రంగు ఇంకా పోకుండా చూడడమే మన పని. దానికి మెత్తని గుడ్డ, కార్నౌబా మైనం చాలు, నీళ్లు ముట్టించకూడదు. బంతిని మాత్రం అప్పుడప్పుడూ మార్చాలి, ఎందుకంటే గీతలు పడిన ఉక్కు బంతి ఆకురాయిలా బల్లను గీస్తూ పోతుంది. రబ్బరు రింగులు పగుళ్లిస్తే ఒక్కొక్కటి కాకుండా అన్నీ ఒకేసారి మార్చుకోవడం మంచిది.

అన్నిటికంటే నాకు భయంగా ఉన్నది పైపెట్టె ముందున్న బొమ్మల గాజు, అంటే బ్యాక్‌గ్లాసు గురించే. దాని బొమ్మ గాజు వెనక వైపున రంగుతో అచ్చువేసింది, చలికీ వేడికీ మార్చి మార్చి గురైతే పెచ్చులుగా రాలిపోతుంది. కాబట్టి మిన్నెసోటా చలికాలంలో యంత్రాన్ని ఒక్కరోజు కూడా గరాజులో ఉంచవద్దు. వెనక వైపు తుడవవద్దు. వేడి తగ్గడానికి లోపల 44 రకం బల్బుల బదులు తక్కువ కరెంటు తీసుకునే 47 రకం వేశాను, కొనేటప్పుడు అవే అడుగు. ఆ గాజును సామాను లారీలో పంపడం లేదు. దుప్పట్లో చుట్టి, నిలువుగా నిలబెట్టి, మా కారులో మేమే తెస్తాం.

లారీవాళ్లు పైపెట్టెను, కాళ్లను విడదీసి తెస్తారు. కిందిపెట్టెను దించడానికి ఇద్దరు మనుషులు కావాలి. బిగించాక వాలు మూడున్నర డిగ్రీల దగ్గర ఉండేలా వెనక కాళ్ల స్క్రూలు సర్దండి. అంతకు మించి ఎత్తితే ఈ కాలపు ఫ్లిప్పర్లకు బంతిని పైదాకా కొట్టే శక్తి చాలదు. ఆ తర్వాతే, యంత్రాన్ని కుదిపితే ఆటను ఆపే టిల్ట్ లోలకం చూసుకోవాలి, వాలు మారితే టిల్ట్ సున్నితత్వమూ మారుతుంది. పిల్లలు ఆడతారు కాబట్టి దాన్ని కొంచెం వదులుగానే ఉంచు. పైపెట్టెను కలిపే పొడవాటి ప్లగ్గులకు నేను రంగు దారాలు కట్టాను, ఒకే రంగున్నవి ఒకదానికొకటి. సర్క్యూట్ పటం కిందిపెట్టెలోనే కవరులో ఉంది. నాణేల తలుపు తాళంచెవి మాత్రం రిజిస్టర్డ్ పోస్టులో విడిగా పంపుతున్నాను. పైపెట్టె తాళంచెవి ఆ తలుపు లోపలి కొక్కేనికే వేలాడుతూ ఉంటుంది.

మీ నాన్న