పండుగల లెక్క రాసిచ్చిన పెద్దమ్మకు కృతజ్ఞతలు

నిన్న రాత్రి ఇంటికి చేరాం. ఆయన నిద్రపోతున్నారు. నాకే కన్ను మూతపడటం లేదు. అన్నయ్య, వదిన, అత్తయ్య 11 రోజులు వంతులేసుకుని ఆస్పత్రిలో ఉన్నారు. వాళ్ళకు వేరే చెప్పేదేముంది! చెప్పాల్సింది నేను పేరైనా అడగని ఒక పెద్దమ్మ గురించి.

మా వారికి మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే మెదడు, వెన్నుపాములోని నరాల పైపొర దెబ్బతినే జబ్బు, అని తెలిసి మూడేళ్ళు. రిలాప్సింగ్ రెమిటింగ్, అంటే తగ్గి తిరగబెట్టే రకం అన్నారు. ఇంజెక్షన్లు ఒక్కటీ మానలేదు, అయినా నడక దిగజారుతూనే ఉంది. న్యూరాలజీ ఓపీ బయట నా పక్కన కూర్చున్న ఆమె అడిగింది: "మధ్యలో ఎప్పుడైనా తగ్గిందా అమ్మా, తగ్గకుండానే పెరుగుతోందా?"

నా దగ్గర జవాబు లేదు.

ఆమె కూతురికీ ఇదే జబ్బు. పదేళ్ళు అటాకులు, అంటే జబ్బు ఒక్కసారిగా తిరగబెట్టడాలు, వచ్చి తగ్గుతుండేవట. ఆ తర్వాత అటాకే లేకుండా కాళ్ళు బిగుసుకుపోతూ వచ్చాయట. ఈ దశకు పేరైన సెకండరీ ప్రోగ్రెసివ్ అనే మాట ఆమె నోట ఉప్పు, పప్పు అన్నంత మామూలుగా వచ్చింది. నా చేతిలోని మందుల చీటీ వెనక్కి తిప్పి, "తేదీలు గుర్తుండవు, పండుగలు చెప్పు" అంది. సంక్రాంతికి గాలిపటాలకు మేడ ఎక్కారు. ఉగాదికి గోడ పట్టుకున్నారు. వినాయక చవితికి చేతికర్ర. మూడేళ్ళు రాశాం. ఏ పండుగకూ అంతకుముందు పండుగ కంటే బాగా లేరు. అటాకులని స్టెరాయిడ్లు ఎక్కించినవి రెండు. ఒకటి మే నెల ఎండలో వచ్చింది, చల్లబడితే తగ్గేది. రెండోది మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో జ్వరం వచ్చినప్పుడు. "జ్వరం లేకుండా, ఒక రోజైనా నిలిస్తేనే అటాక్. ఇవి కావు" అని రెండూ కొట్టేసింది.

ఈలోగా ఆమె టోకెన్ పిలిచారు. లేవలేదు. "ఇది రాయడం అవనీ" అంది. ఆ నంబరు పోయి, మధ్యాహ్నం దాకా మళ్ళీ వరుసలో నిలబడింది. అది చూసి మెట్ల దగ్గరికి వెళ్ళి ఏడ్చాను.

ఆ చీటీ చూశాకే డాక్టరు వెన్ను ఎంఆర్‌ఐ, వెన్ను నీటి పరీక్ష రాశారు. వెన్నుపాములో మూడు మచ్చలు, నీటిలో ఈ జబ్బును సూచించే ఆలిగోక్లోనల్ బ్యాండ్లు అనే ప్రోటీన్ గీతలు. ప్రైమరీ ప్రోగ్రెసివ్, మొదటి నుంచీ ముదిరే రకం. మంచి కబురేమీ కాదు. కానీ ఇన్నాళ్ళూ పొడిచిన ఇంజెక్షన్ ఈ రకానికి పనిచేయదు. ఓక్రెలిజుమాబ్ అనే మందు మొదలుపెట్టారు. మొదటి మోతాదు పూర్తయ్యాక ఆరు నెలలకోసారి. పోయిన నడక రాదు, ముదరడం నెమ్మదించవచ్చు.

ఫైలు మీద మొదటిరోజు రాసిన జబ్బు పేరు చూసి రెండు నిమిషాల్లో పంపేస్తుంటే మూడేళ్ళు గడవక ఏమవుతాయి? 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఈ జబ్బు ఉంది. సర్టిఫికెట్‌కు వెళ్తే "నడుస్తున్నారుగా" అన్నారు. వేడికే ఆయన కాళ్ళు మొరాయిస్తాయి, ఆ ఉదయం చల్లగా ఉంది మరి!

అయ్యో, మీటరు చూడకుండా దింపిన ఆటో అబ్బాయిని, రోజూ టీ ఫ్లాస్కు నింపిచ్చిన క్యాంటీన్ తాతను మరిచాను. ఎంఆర్‌ఐ ముందు ఆయన వెండి మొలతాడు, ఉంగరం తీసి దాచిన నర్సమ్మను కూడా.